విజయవాడలో టీచర్, టెక్సాస్ గ్యారేజీలో శిష్యులు: ఒక ఎక్స్‌ఆర్ కేస్ స్టడీ

వీడియో కాల్‌లో కూచిపూడి నేర్పే టీచర్లని ఎవరినైనా కదిపి చూడండి. నెట్ గోల తర్వాత చెబుతారు, ముందు కుడి ఎడమల గోల చెబుతారు. టీచర్ ఎదురుగా నిలబడి కుడికాలు వేస్తే తెరముందున్న పిల్ల ఎడమకాలు వేస్తుంది. పోనీ అని వెనక్కి తిరిగి చూపిస్తే పిల్లకి అర్థమవుతుంది గానీ, ఆ పిల్ల ఏం చేస్తోందో టీచర్‌కి కనపడదు. ఇక అరమండి (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) ఎంత లోతుగా కూర్చుంది, చెయ్యి పక్కకి చాచిందా కాస్త ముందుకి చాచిందా అన్నవి చదునైన తెరమీద తేల్చుకోవడం మరీ కష్టం.

ఇప్పుడు చెప్పబోయేది అలాంటి ఒక క్లాసు గురించి. టీచర్‌గారిది విజయవాడ. శిష్యులు డాలస్ శివార్లలో పెరుగుతున్న తెలుగు అమ్మాయిలు. హైస్కూలు వయసువాళ్లు కొందరు, ఇంకా చిన్నవాళ్లు కొందరు. నేను హైదరాబాద్‌లో ఎక్స్‌ఆర్, అంటే కళ్లకి పెట్టుకునే హెడ్‌సెట్‌లో త్రీడీ బొమ్మలు చూపించే అప్లికేషన్లు చేసే పనిలో ఉన్నాను. ఎక్కువగా ఫ్యాక్టరీ ట్రైనింగ్ తరహావి. శిష్యురాళ్లలో ఒకరి తండ్రి నన్ను అడిగింది ఒకటే మాట: "టీచర్‌గారు గదిలో ఉన్నట్టు ఉండాలి, అవుతుందా?" పేర్లు, గుర్తుపట్టే వివరాలు వాళ్ల కోరిక మీద తీసేశాను.

ఆయన అడిగినదానికి మా రంగంలో సోషల్ ప్రెజెన్స్ అని పేరుంది. 1976లోనే షార్ట్, విలియమ్స్, క్రిస్టీ అనే ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు ఫోన్లు, వీడియో కాన్ఫరెన్సుల మీద పనిచేస్తూ, అవతలి మనిషి ఉన్నాడన్న స్పృహ ఒక్కో మాధ్యమంలో ఒక్కోలా ఉంటుందని వాదించారు. ఆ స్పృహ పెరగాలంటే బొమ్మ నాణ్యత పెంచితే చాలని అనుకునేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. ఈ క్లాసులో నేను చూసింది వేరు. ఎవరు ఎవరిని ఏ కోణంలో చూడాలి, తాళం ఎక్కడ పుట్టాలి, చప్పుడు ఎక్కణ్ణుంచి వినపడాలి అన్న మూడూ కుదిరాక, బొమ్మ కాస్త గరుగ్గా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

ఎవరికి హెడ్‌సెట్, ఎవరికి వద్దు

ఇలాంటి పని చేతికొస్తే మామూలుగా రెండు వైపులా హెడ్‌సెట్లు పెట్టి, మధ్యలో ఒక వర్చువల్ హాలు కట్టి, అందరికీ అవతార్లు, అంటే మనిషికి బదులు కదిలే కంప్యూటర్ బొమ్మలు, ఇచ్చేస్తారు. ఆఫీసు మీటింగుకి సరిపోతుంది. నాట్యానికి పనికిరాదు, ముందు పాదాల దగ్గరే బెడిసికొడుతుంది. ఇళ్లలో వాడే హెడ్‌సెట్లు తలనీ చేతుల్నీ బాగా పట్టుకుంటాయి. నడుం కింద ఏం జరుగుతోందో వాటికి పెద్దగా తెలియదు. అవతార్‌కి కాళ్లు కనిపిస్తున్నాయంటే అవి సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి గీసినవి. డెమోలో తన అవతార్ అడుగులు వేస్తుంటే టీచర్‌గారు కాసేపు చూసి, "ఇవి ఎవరి కాళ్లు బాబూ?" అన్నారు. ఆ ప్రశ్నతో అవతార్ల ముచ్చట ముగిసింది.

చేతుల సంగతి కొంత నయం. నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణం లెక్కలో అసంయుత హస్తాలే, అంటే ఒంటిచేతి ముద్రలే, 28. పతాకానికీ త్రిపతాకానికీ ఉంగరపు వేలి మడతే తేడా. చిటికెన వేలు కూడా మడిస్తే అర్ధపతాకం. చెయ్యి ముఖానికి ఎదురుగా ఉన్నంతసేపు హెడ్‌సెట్ కెమెరాలు ఈ తేడాలు పట్టగలుగుతాయి. రెండు చేతుల వేళ్లూ పెనవేసుకునే కర్కటం దగ్గర ఒక చెయ్యి రెండోదాన్ని కప్పేస్తుంది, అక్కడ లెక్క తప్పుతుంది. చెయ్యి భుజం వెనక్కి వెళ్తే కెమెరాకి అసలే దొరకదు.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి కళ్లు. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ముఖంలో సగం ప్లాస్టిక్. అభినయం నేర్పే మనిషికి ఆ సగమే కావాలి.

అందుకని టీచర్‌గారికి హెడ్‌సెట్ లేకుండానే ప్లాన్ వేశాం. ఆవిడ తన గదిలో మామూలుగా నిలబడి నేర్పుతారు. చుట్టూ దూరం కూడా కొలిచే మూడు డెప్త్ కెమెరాలు, ఎదురుగా పెద్ద టీవీ, అందులో శిష్యులు. అటువైపు ఒకరి ఇంటి గ్యారేజీలో మెటా కంపెనీవి రెండు క్వెస్ట్ 3 హెడ్‌సెట్లు. 2023లో వచ్చిన ఈ మోడల్‌లో బయటి గది రంగుల్లో కనపడుతుంది కాబట్టి పిల్లలకి తమ నేల, తమ పాదాలు, పక్కనున్న స్నేహితురాలు అన్నీ కనిపిస్తూనే, మధ్యలో టీచర్‌గారు నిండు సైజులో నిలబడి ఉంటారు.

మొదట ఎవరింట్లో వాళ్లుండి చేరేలా చేద్దామన్నారు. ఒక్కో ఇంటి నెట్ ఆలస్యం ఒక్కోలా ఉంటుంది. టీచర్‌గారికి అందరూ కలిసి కనపడాలంటే అన్నిటికంటే నెమ్మదైన ఇంటి కోసం మిగతావాళ్లందర్నీ ఆపాలి. దానికంటే అందరూ ఒక గ్యారేజీకి రావడమే మేలని తల్లిదండ్రులే తేల్చారు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం కథలో టెక్నాలజీతో సంబంధం లేని ఈ నిర్ణయమే నాకు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది.

ఈ దారిలో ముందే నడిచినవాళ్లు ఉన్నారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2016లోనే హోలోపోర్టేషన్ పేరుతో మనిషిని మనిషిగా త్రీడీలో పంపి చూపించారు. గూగుల్ 2021లో ప్రకటించిన త్రీడీ వీడియో కాల్ ప్రాజెక్ట్ స్టార్‌లైన్ పేరు 2025లో బీమ్ అయింది. హెచ్‌పీ తయారుచేసిన దాని 65 అంగుళాల యంత్రం ధర 2025లో 24,999 డాలర్లు. హెడ్‌సెట్ అక్కర్లేకుండా లోతు కనిపిస్తుంది. కానీ అది కుర్చీలో కూర్చుని మాట్లాడుకునే ఇద్దరి కోసం చేసింది. మాకు కావలసింది లేచి నిలబడి ఆడే మనిషి, ముఖ్యంగా ఆ మనిషి వీపు.

జరీ అంచు, నల్లజడ, గ్రానైట్ నేల

కెమెరాలు ఆర్బెక్ ఫెమ్టో బోల్ట్. మైక్రోసాఫ్ట్ తన డెప్త్ కెమెరా అజూర్ కినెక్ట్ తయారీని 2023లో ఆపేశాక ఆ పద్ధతిలోనే పనిచేసే కెమెరా ఇది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరం కొలుస్తుంది. ఒకటి ముందు, రెండు వెనక మూలల్లో. మూడూ ఒకేసారి కాంతి వదిలితే ఒకదాని లెక్కలో ఇంకొకటి వేలు పెడుతుంది కాబట్టి ఒక్కొక్కదానికి 160 మైక్రోసెకన్ల ఎడం ఇచ్చాం.

కాగితం మీద ఇంతే. టీచర్‌గారి గదిలోకి వెళ్లాక అసలు పని మొదలైంది. నల్లటి జుట్టు ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తుంది. ఆవిడ జడ ఉన్నచోట వీపుమీద పొడుగాటి చిల్లు కనిపించింది. జరీ అంచు కాంతిని ఎటుపడితే అటు విసిరేసి, కుచ్చిళ్ల దగ్గర చుక్కలు ఎగిరిపడుతూ కనిపించాయి. గ్రానైట్ నేల నున్నగా మెరుస్తుంటే పాదాలు నేలలోకి కరిగిపోయినట్టు వచ్చాయి. కలర్ కెమెరా సెట్టింగ్ 60 హెర్ట్జ్ దగ్గర ఉండిపోతే, మన 50 హెర్ట్జ్ కరెంటు వెలుతుర్లో చీరమీద నీడ పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. అది మార్చడం చిటికెలో పని. మిగతావాటికి సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టే బదులు గదినే మార్చాం. జరీ లేని నూలు ప్రాక్టీసు చీర, నేలమీద మందపాటి జంపఖానా. జడ సంగతి నేను ఇంకా ఆలోచిస్తుండగానే ఒకరోజు టీచర్‌గారు పూజ చేసుకుని మల్లెపూలు పెట్టుకొచ్చారు. చిల్లు సగానికి సగం పూడిపోయింది. తెల్లటి పూలు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా తిప్పికొడతాయి. అప్పట్నుంచి క్లాసు రోజు జడ పొడవునా పూలదండ ఉండాల్సిందే, మల్లెల సీజన్ కాకపోతే చామంతి.

డేటా బరువు గురించి కూడా ఒక మాట. ఒక్క డెప్త్ కెమెరా 640 గుణించు 576 పిక్సెళ్లు, ఒక్కోదానికి 16 బిట్లు, సెకనుకి 30 ఫ్రేములు అంటే, ఏ కుదింపూ లేకపోతే సెకనుకి దాదాపు 177 మెగాబిట్లు. మూడింటికి 530. దీనికి రంగు అదనం. ఇంటి ఫైబర్ కనెక్షన్ దీన్ని మోయలేదు. నేపథ్యం మొత్తం కత్తిరించి మనిషిని మాత్రమే ఉంచి, కుదించి పంపితే అప్‌లోడ్‌లో సగానికి లోపలే సర్దుకుంది. అయినా నెట్ నీరసపడే రోజులుంటాయి. అలాంటప్పుడు ముందు చుక్కల సంఖ్య తగ్గుతుంది, తర్వాత రంగు పోతుంది, ఆఖరికి బొమ్మ ఆగిపోతుంది. గొంతు మాత్రం ఆగకూడదు. దానికి వేరే దారి పెట్టాం. గదిలో కరెంటు పోయినా కంప్యూటరు, రౌటరు ఇన్వర్టర్ మీద నడుస్తాయి.

తాళం ఎవరి దగ్గర ఉండాలి

విజయవాడకీ డాలస్‌కీ భూగోళం మీద దగ్గర దారి దాదాపు 14,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తిన్నగా ఒకే తీగ లాగినా ఒకవైపు ప్రయాణానికి 72 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత డబ్బు పోసినా ఆ అంకె దిగదు. నిజం కేబుళ్లు చుట్టూ తిరిగి పోతాయి, దానికి కెమెరా, కుదింపు, విప్పడం అన్నీ కలుపుకుంటే మా సెటప్‌లో టీచర్‌గారి అడుగు గ్యారేజీలో కనిపించేసరికి 300 మిల్లీసెకన్ల చుట్టుపక్కల అయ్యేది. పిల్లల అడుగు తిరిగి ఆవిడకి కనిపించేసరికి అర సెకను దాటేది.

మాటలకి ఇది ఓర్చుకోదగ్గదే. ఫోన్ సంభాషణకి ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. అంతకు రెట్టింపైనా జనం సర్దుకుంటారు. లయ సర్దుకోదు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్, ఆయన సహచరులు ఇద్దరు మనుషుల్ని వేర్వేరు గదుల్లో ఉంచి కలిసి చప్పట్లు కొట్టించారు. ఆలస్యం పెరిగేకొద్దీ చప్పట్లు నెమ్మదించాయి. నెట్‌లో కలిసి వాయించేవాళ్లు 25–30 మిల్లీసెకన్లను హద్దుగా పెట్టుకుంటారు. మాకు భూగోళమే 72 దగ్గర గీత గీసేసింది.

మొదటి క్లాసుల్లో జరిగింది అచ్చం చప్పట్ల కథే. టీచర్‌గారు తాళాలు వాయిస్తూ సొల్లుకట్టు (అడుగులకి నోటితో పలికే జతులు) చెబుతారు. టీవీలో పిల్లల పాదాలు అర సెకను వెనక పడతాయి. ఆవిడ చెయ్యి తెలియకుండానే వాళ్లకోసం ఆగుతుంది. ఆ ఆగిన తాళం విని పిల్లలు ఇంకా ఆగుతారు. చతురశ్రంలో (నాలుగేసి లెక్కల నడకలో) మొదలైన తకదిమి తకజొను నాలుగు ఆవర్తనాలకే (తాళం చుట్లకే) నీరసపడిపోయేది. వేగం బాగా పెరిగే మూడో కాలంలో అర సెకనంటే ఒకటి రెండు అడుగులు, ఇక చెప్పేదేముంది.

ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నం మానేసి, క్లాసునే రెండు ముక్కలు చేశాం. చూపించే ముక్కలో తాళం విజయవాడలో పుడుతుంది. బొమ్మా చప్పుడూ ఒకే టైమ్‌స్టాంప్‌తో (సమయపు ముద్రతో) వెళ్తాయి కాబట్టి గ్యారేజీలో రెండూ కలిసే వినపడతాయి, కనపడతాయి. తాళం నడిచే ఆ సేపు టీచర్‌గారి టీవీలో పిల్లల్ని చూపించం, లేకపోతే కన్ను చెయ్యిని లాగేస్తుంది. దిద్దే ముక్కలో తాళం గ్యారేజీలోని స్పీకర్ నుంచి వస్తుంది; అది టీచర్‌గారు ముందే వాయించి ఇచ్చిన నట్టువాంగం (తాళాలు, సొల్లుకట్టు కలిసినది) రికార్డింగు. పిల్లలు దానికి ఆడతారు, ఆ బొమ్మా ఆ తాళం కలిసి విజయవాడ చేరతాయి. చేరడం ఆలస్యమే, కానీ ఆవిడ చూసేదాంట్లో అడుగు తాళంలోనే పడుతుంది. ఆ సమయంలో ఆవిడ తాళాలు ముట్టుకోకూడదు. ఇది ఆవిడకి చాలా కష్టమైంది. చేతులు ఊరుకోవు. చివరికి తాళాలు పక్కగదిలో పెట్టి వచ్చేవారు.

మధ్యలో "మోకాలు బయటికి తియ్యి తల్లీ" అని అరవడం కూడా మానుకోవాల్సి వచ్చింది. ఆ మాట చేరేసరికి పిల్ల తర్వాతి అడుగులో ఉంటుంది, సరిగ్గా ఉన్న మోకాలిని చూసుకుని కంగారుపడుతుంది. ఆవర్తనం అయ్యాకే దిద్దడం అలవాటు చేసుకున్నారు.

వెనక వరసలో నిలబడటం

టీచర్‌గారి ముఖం టీవీ వైపే ఉంటుంది కాబట్టి మామూలుగా అయితే గ్యారేజీలో పిల్లలకి ఎదురుగా కనిపించాలి. అడుగులు నేర్పేటప్పుడు ఆవిడ బొమ్మని అక్కడ సగం చుట్టు తిప్పేస్తాం. పిల్లలు ఆవిడ వెనక వరసలో నిలబడి అదే కుడి, అదే ఎడమ పట్టుకుంటారు; ఆవిడ మాత్రం తాళం ఆపినప్పుడల్లా వెనక్కి తిరక్కుండానే టీవీలో వాళ్ల పాదాలు చూస్తారు. హాల్లో ఏ టీచరుకీ కుదరని ఏర్పాటు ఇది. అడుగులు అయ్యాక మళ్లీ ఎదురుగా తిప్పుతాం. ఈ మార్పు ఒక్కొక్కరికి విడివిడిగా చేయం, అందరికీ ఒకేసారి. రెండు హెడ్‌సెట్లకీ గదిలో ఒకే ఆనవాలు పాయింటు ఇచ్చాం కాబట్టి, ఒక అమ్మాయి "ఆ మోచెయ్యి చూడవే" అని వేలు చూపిస్తే రెండో అమ్మాయికీ సరిగ్గా ఆ మోచెయ్యే కనపడుతుంది.

చూపు కోసం నేలమీద టేపు అంటించి ఎవరి చోటు వాళ్లకి ఖాయం చేశాం. టీవీలో ఎడమ చివర కనిపించే అమ్మాయి వైపు టీచర్‌గారు చూస్తే, గ్యారేజీలో ఆవిడ చూపు దాదాపు ఆ అమ్మాయి మీదే పడుతుంది. "నువ్వే, కింద చూడకు" అంటే పేరు చెప్పకపోయినా సరైన పిల్లే తల ఎత్తుతుంది. పిల్లలు చోట్లు మార్చుకున్న రోజున ఏమీ తెలియని పక్కమ్మాయి ఉలిక్కిపడుతుంది.

చప్పుడు విషయంలో నేను ఇంత ఫలితం ఊహించలేదు. జంపఖానా వేశాక పాదం చప్పుడు చచ్చిపోయింది, దానికింద పలచని చెక్కపలక పరిచి, పలకకి దాని అదురునే పట్టే కాంటాక్ట్ మైకు అతికించాం. గ్యారేజీలో ఆ చప్పుడు టీచర్‌గారి పాదాలున్న చోటునుంచే, నేల దగ్గర్నుంచే వినపడేలా పెట్టాం. బొమ్మలో పాదం నేలని తాకే క్షణం ఇప్పటికీ మసకే. చప్పుడు వచ్చాక ఆ మసక గురించి ఎవరూ ఎత్తలేదు. వెనకనుంచి అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే పిల్లలు నడుము నిటారు చేసుకోవడం నేను వీడియోలో చూశాను.

ఇంకొకటి కూడా అందులోనే కనిపించింది. ఇద్దరు అమ్మాయిలు గుసగుసలాడుకోవాలంటే టీచర్‌గారి వీపు వెనక్కి వెళ్లేవారు. గ్యారేజీలో మైకు ఒకటే, ఎక్కడ మాట్లాడినా విజయవాడలో వినపడుతుంది, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అలాగే లైవ్‌లో ఉన్నప్పుడు ఎవరూ టీచర్‌గారి బొమ్మ మీదుగా నడవలేదు, చుట్టూ తిరిగే వెళ్లారు. అదే క్లాసు రికార్డింగు పెట్టి చూపిస్తే మాత్రం నీళ్లబాటిల్ కోసం ఆవిడలోంచే నడిచిపోయారు. బొమ్మలో రవ్వంత తేడా లేదు. వర్చువల్ మనుషుల దగ్గర కూడా మనం దూరం పాటిస్తామని వీఆర్ పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ బృందం 2003లోనే ప్రయోగాలతో చూపించింది. లైవ్‌కీ రికార్డింగుకీ మధ్య ఇంత తేడాని మాత్రం నేను ఈ గ్యారేజీలోనే కళ్లారా చూశాను. పిల్లలకి సోషల్ ప్రెజెన్స్ ప్రశ్నాపత్రం ఇచ్చి మార్కులు వేయించడం కూడా చేశాను గానీ, అన్నిటికీ "సూపర్" అనే వయసు వాళ్లది.

టీచర్‌గారి కొలబద్ద వేరు: ఒకే తప్పు ఎన్ని వారాలు చెప్పాల్సి వస్తోంది? అరమండి లోతు, చేతుల లైను, భుజాల తీరు గురించి చెప్పడం బాగా తగ్గిందన్నారు. ముఖాభినయంలో తేడా ఏమీ లేదన్నారు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ ముక్కలో హెడ్‌సెట్లే వాడం. హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లల్ని మొదటిసారి టీవీలో చూడగానే ఆవిడ, "ముఖాలు లేని పిల్లలకి ఏం చెప్పమంటావు?" అని నన్నే అడిగారు. పైగా హెడ్‌సెట్ 515 గ్రాములు. భ్రమరిలో గిర్రున తిరిగితే పక్కకి జారుతుంది, టెక్సాస్ వేసవి గ్యారేజీలో లోపలంతా చెమట. అందుకని చూసేటప్పుడే హెడ్‌సెట్. ఆడేటప్పుడు తీసేసి టీవీ ముందే. ఇద్దరేసి మార్చి మార్చి పెట్టుకుంటారు. పదేళ్లలోపు పిల్లలకి మెటా ఖాతాయే ఇవ్వదు. 2023లో వయసు పరిమితిని 13 నుంచి పదికి దించినా, అదీ తల్లిదండ్రుల పర్యవేక్షణ మీదే. చిన్నపిల్లలు మొదట్నుంచీ టీవీ క్లాసులోనే ఉన్నారు, వాళ్ల క్లాసు ఏమంత వెనకబడలేదు కూడా.

ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే ముందు కొనాల్సినవి మైకు, చెక్కపలక, జంపఖానా. ఒక్కో డెప్త్ కెమెరాకి 400 డాలర్ల పైచిలుకు అవుతుంది, అంత తొందరేం లేదు. ఇంకొకరి సోషల్ వీఆర్ (జనం హెడ్‌సెట్లతో కలుసుకునే వర్చువల్ చోటు) ప్లాట్‌ఫామ్ మీద క్లాసు కట్టుకోవద్దు. ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో మూతపడింది, మొజిల్లా హబ్స్ సేవ 2024 మేలో ఆగింది. మాది యూనిటీ (త్రీడీ బొమ్మలకి), వెబ్‌ఆర్‌టీసీ (నెట్‌లో లైవ్‌గా పంపడానికి) అనే పనిముట్లతో కట్టిన చిన్న సొంత సాఫ్ట్‌వేర్. అందంగా ఉండదు, రేపు కూడా నడుస్తుంది.

రికార్డింగుల గురించి టీచర్‌గారు ఒక షరతు పెట్టారు. తన త్రీడీ రికార్డింగు ఎవరి దగ్గరా ఉండకూడదు, క్లాసు కాగానే చెరిపేయాలి. నట్టువాంగం ఆడియో వరకూ ఉంచుకోవచ్చు. తల్లిదండ్రుల్లో కొందరికి ఇది నచ్చలేదు, ఫీజు కట్టాం కదా, పిల్లలు మిస్సయిన క్లాసు చూసుకోవద్దా అన్నారు. నేను టీచర్‌గారి పక్షం. పిల్లలు రికార్డింగులోంచి నడిచిపోవడం చూశాక నాకు ఆ విషయంలో అనుమానం మిగల్లేదు.

ప్రస్తుతం క్లాసు విజయవాడలో శనివారం ఉదయం ఏడింటికి. డాలస్‌లో అప్పటికి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో వాళ్ల గడియారాలు మారాక ఏడున్నర. జతులు, శబ్దాలు, దరువులు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. పళ్లెం మీద తరంగం మాత్రం ఇలా చెప్పనని టీచర్‌గారు తేల్చేశారు. ఇత్తడి పళ్లెం డెప్త్ కెమెరాకి జరీకంటే పెద్ద తలనొప్పి, దాన్ని ఎలాగో దాటగలమేమో. పళ్లెం అంచుమీద పాదాలు బిగించి నిలబడ్డ పిల్ల తూలితే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి. దానికోసం ఇద్దరు పెద్దమ్మాయిలు డిసెంబరు సెలవుల్లో విజయవాడ వస్తున్నారు.